డోర్‌లో స్పీకర్ మార్చే ముందు దాని వెనకున్న రెండు వైర్లు చూడండి

షోరూంలో కారు చూసేటప్పుడు స్పీకర్ల సంగతి పట్టించుకునేవాళ్లు తక్కువ. మైలేజీ అడుగుతాం, ఎయిర్‌బ్యాగులు లెక్కపెడతాం. మ్యూజిక్ సిస్టమ్ ఉందా అంటే ఉందంటారు, అక్కడితో సరి. అసలు విషయం హైవే ఎక్కాక తెలుస్తుంది. టైర్ల రొద మధ్య పాట వినపడాలని వాల్యూమ్ పెంచితే బాస్ రాదు, డోర్ ప్యాడ్ మాత్రం గడగడలాడుతుంది. ఆ వచ్చే ఆదివారమే యాక్సెసరీస్ షాపులో తేలతాం. షాపతను ఒక అట్టపెట్టె తీసి ముందు పెడతాడు. దాని మీద పెద్ద పెద్ద అంకెలతో ‘350 వాట్స్’ అని ఉంటుంది. స్టీరియో మీద చూస్తే ‘50 వాట్స్ × 4’ అని ఉంటుంది. ఇంకేముంది, కారు అదిరిపోతుందనుకుంటాం.

నిజానికి ఈ రెండు అంకెల్లో ఏదీ మన చెవి దాకా రాదు. స్పీకర్ మీద రాసే వాట్లు అది ఇచ్చేవి కావు, అది తట్టుకునేవి. అదీ క్షణకాలం పాటు. పాటను తోసేది స్టీరియో లోపల ఉండే, అగ్గిపెట్టె కన్నా చిన్నదైన ఒక ఆంప్లిఫయర్ చిప్పు. ఆ చిప్పుకీ స్పీకర్ కోన్‌కీ (ముందుకూ వెనక్కీ కదిలి గాలిని నెట్టే గరాటు లాంటి భాగానికి) మధ్య ఉన్నవి రెండే రెండు సన్నటి వైర్లు. వాటి మీద ఏం నడుస్తోందో తెలిస్తే ఏ స్పీకర్ కొనాలో, ఎలా కలపాలో, ఎక్కడ డబ్బు దండగో దాదాపుగా తేలిపోతుంది.

14 వోల్టుల్లో ఎంత మోత ఉంది?

ఇంజన్ నడుస్తున్నప్పుడు కారులో ఉండేది 14 వోల్టుల చిల్లర. లెక్కకు 14.4 అనుకుందాం. స్పీకర్ ఒక కొసను బాడీకి కట్టేసి, రెండో కొస మీదే పాట పంపితే, ఆ 14లో సగమే అటూ ఇటూ ఊగడానికి మిగులుతుంది. అందుకని ఇప్పటి స్టీరియోలు స్పీకర్ రెండు కొసల్నీ ఆడిస్తాయి. మజ్జిగ చిలికేటప్పుడు కవ్వానికి చుట్టిన తాడు గుర్తుందా? ఒక కొస లాగుతుంటే రెండోది వదులుతారు. ఇక్కడా అంతే. ప్లస్ వైరు పైకి పోతుంటే మైనస్ వైరు కిందికి దిగుతుంది. దీన్ని బ్రిడ్జి పద్ధతి అంటారు. స్పీకర్‌కి అందే వోల్టేజీ రెట్టింపవుతుంది కాబట్టి పవర్ నాలుగు రెట్లవుతుంది.

అయినా పైకప్పు 14.4 దగ్గరే ఉంది. నున్నటి అల అయితే దాని శిఖరం 14.4, అంటే ఆర్‌ఎమ్‌ఎస్ (పవర్ లెక్కకు వాడే ఒక రకం సగటు) లెక్కలో 10.2 వోల్టులు. దాన్ని వర్గం చేసి స్పీకర్ 4 ఓమ్‌లతో భాగిస్తే 26 వాట్లు. చిప్పులో పోయేది కూడా తీసేస్తే ఇంకా తక్కువ. మరి 50 ఎక్కడి నుంచి వచ్చింది? అలను పూర్తిగా నరికేసి, పైనా కిందా చదునైన చతురస్రపు అలగా మార్చి లెక్కేయండి: 14.4 వర్గం బై 4, దాదాపు 52. అదీ ‘50 వాట్స్ × 4’ పుట్టుక. అలాంటి అలను వింటే అది పాట కాదు, బుర్రుమనే మోత. స్టీరియోల్లో ఏళ్ల తరబడి వాడుతున్న టీడీఏ7388 అనే చిప్పు డేటాషీట్ తిరగేసినా ఇదే కనిపిస్తుంది. గరిష్ఠం 45 వాట్లు అంటారు. కింద 14.4 వోల్టుల దగ్గర 10 శాతం డిస్టార్షన్ (అల ఆకారం చెడిపోవడం) ఒప్పుకుంటే 26 అని ఉంటుంది. గొంతు బొంగురుపోకుండా వినాలంటే చానల్‌కి 15 నుంచి 20 వాట్ల మధ్యే అనుకోవాలి.

చేతిలో ఉన్నది 15 వాట్లే అయినప్పుడు 350 వాట్లు తట్టుకునే స్పీకర్ ఉన్నా లేకున్నా ఒకటే. చూడాల్సింది సెన్సిటివిటీ. ఒక వాటు ఇచ్చి ఒక మీటరు దూరంలో కొలిస్తే ఎన్ని డెసిబెల్స్ వస్తాయన్న అంకె అది. పెట్టె వెనక చిన్నక్షరాల్లో ఉంటుంది. 3 డెసిబెల్స్ తేడా అంటే పవర్ రెట్టింపైనట్టు. 92 డెసిబెల్స్ స్పీకర్ 15 వాట్లతో చేసే మోత, 86 డెసిబెల్స్ స్పీకర్ చెయ్యాలంటే దానికి 60 వాట్లు పొయ్యాలి. కంపెనీ స్పీకర్‌లో మాగ్నెట్ చిన్నదే అయినా పేపర్ కోన్ తేలిగ్గా ఉంటుంది, కొద్ది పవర్‌కే కదులుతుంది. బయటి ఆంప్లిఫయర్ కోసం తయారైన బరువైన ఖరీదు స్పీకర్ తెచ్చి నేరుగా స్టీరియోకి తగిలిస్తే, పాత స్పీకరే నయమనిపించడం అందుకే. ఈ అంకెలోనూ ఒక కిటుకుంది. కొన్ని కంపెనీలు ఒక వాటుతో కాక 2.83 వోల్టులతో కొలుస్తాయి. 8 ఓమ్‌ల స్పీకర్‌కి అది ఒక వాటే, 4 ఓమ్‌ల స్పీకర్‌కి మాత్రం రెండు వాట్లు. అంటే 3 డెసిబెల్స్ ఊరికే కలిసొచ్చాయన్నమాట. రెండు పెట్టెలు పోల్చేటప్పుడు కొలిచిన పద్ధతి ఒకటేనా అన్నది చూసుకోవాలి.

మైనస్ అంటే ఎర్త్ కాదు

బ్రిడ్జి పద్ధతికి ఇంకో పర్యవసానం ఉంది. వైరింగ్‌లో జరిగే చాలా పొరపాట్లు ఇక్కడే పుడతాయి. హెడ్‌లైటుకో హారన్‌కో మైనస్ అంటే కారు బాడీయే. ఎక్కడ స్క్రూ బిగించినా పని నడుస్తుంది. స్పీకర్ మైనస్ అలాంటిది కాదు. స్టీరియో ఆన్ చేసి, పాట ఆపి, మల్టీమీటర్ నల్ల ప్రోబ్‌ను బాడీకి, ఎర్ర ప్రోబ్‌ను స్పీకర్ వైర్లలో ఒకదానికి పెట్టి చూడండి. బ్యాటరీ వోల్టేజీలో సగం, అంటే ఆరేడు వోల్టులు చూపిస్తుంది. రెండో వైరుకి పెట్టినా అంతే. రెండు కొసలూ ఒకే ఎత్తులో ఉన్నాయి కాబట్టి స్పీకర్ గుండా కరెంటు పోదు. పాట మొదలైతే ఆ రెండూ ఆ మధ్య ఎత్తు నుంచే ఎదురెదురుగా ఊగుతాయి.

ఇప్పుడు ఆ మైనస్‌ను తీసుకెళ్లి బాడీకి కలిపితే? చిప్పులో రక్షణ ఉంటే శబ్దం ఆగిపోతుంది, స్టీరియో మొరాయిస్తుంది. లేకపోతే చిప్పే పోతుంది. క్యాసెట్ డెక్కుల కాలంలో స్పీకర్లకు ఉమ్మడి ఎర్త్ ఇచ్చే సెట్లు ఉండేవి. ఆ అలవాటు ఇప్పటికీ కొన్ని చేతుల్లో మిగిలే ఉంది. వెనక పార్సెల్ ట్రే మీద రెండు 6×9 ఓవల్ స్పీకర్లు బిగించేటప్పుడు ‘రెండు మైనస్‌లూ ఒకటే కదా’ అని ఒకే వైరు లాగేసేవాళ్లు ఉన్నారు. ఎడమ చానల్ మైనస్, కుడి చానల్ మైనస్ వేర్వేరుగా ఊగే కొసలు. వాటిని ముడేస్తే ఒక ఆంప్లిఫయర్ ఇంకో ఆంప్లిఫయర్‌తో కుస్తీ పడుతుంది. నాలుగు స్పీకర్లుంటే ఎనిమిది వైర్లు రావాల్సిందే, దగ్గరదారి లేదు.

ఏ రంగు ఏ వైరు

బయట కొన్న స్టీరియోలకు దాదాపుగా ఒకే రంగుల పద్ధతి ఉంది. ముందు ఎడమ తెలుపు, ముందు కుడి బూడిద, వెనక ఎడమ ఆకుపచ్చ, వెనక కుడి ఊదా. అదే రంగు మీద నల్ల గీత ఉంటే మైనస్. పసుపు ఎప్పుడూ ఉండే బ్యాటరీ సప్లయ్, ఎరుపు తాళం తిప్పితే వచ్చేది, నలుపు ఎర్త్, నీలం మీద తెల్ల గీత ఉంటే ఆంప్లిఫయర్‌ను ఆన్ చేసే సిగ్నల్. పసుపూ ఎరుపూ తారుమారైతే పాడైపోయేదేమీ ఉండదు గానీ, తాళం తీసిన ప్రతిసారీ గడియారం, సెట్టింగులు చెరిగిపోతాయి.

కారు కంపెనీ వైరింగ్‌కి మాత్రం ఈ రంగులతో సంబంధం లేదు. ఒక్కో తయారీదారుది ఒక్కో పద్ధతి. ఒకే కంపెనీలో మోడల్ మారినా రంగు మారుతుంది. అందుకని రంగు చూసి ఊహించడం కన్నా పరీక్ష చెయ్యడం మేలు. స్టీరియో వెనక కప్లర్ పీకేసి, స్పీకర్‌కి పోయే రెండు పిన్నులకు 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ ఒక్క క్షణం తగిలించండి. స్పీకర్ ‘టప్’ మంటుంది. దాంతో ఈ జత ఏ డోర్‌దో తెలుస్తుంది. ఆ సమయంలో కోన్ బయటికి పొంగితే సెల్ ప్లస్ తగిలిన పిన్నే స్పీకర్ ప్లస్. లోపలికి పోతే తారుమారు. కప్లర్ పీకకుండా ఈ పని చెయ్యకూడదు, సెల్ కరెంటు వెనక్కి స్టీరియోలోకి పోతుంది. సన్నటి శబ్దాలు పలికే బుల్లి స్పీకర్‌కి, అంటే ట్వీటర్‌కి, ఈ పరీక్ష పనికిరాదు. అది కదిలినా కంటికి కనిపించదు. కొత్త స్పీకర్ల మీద మాత్రం గుర్తు మామూలుగా తేలికే, వైరు తగిలించే రేకు నాలుకల్లో (పత్తీల్లో) వెడల్పు పత్తీ ప్లస్, సన్న పత్తీ మైనస్.

ప్లస్ మైనస్ తిరగబడితే స్పీకర్ కాలిపోదు. అందుకే చాలా కార్లలో ఈ తప్పు ఏళ్ల తరబడి బయటపడదు. ఒక్క డోర్‌లో తిరగబడిందనుకోండి, ఎడమ కోన్ బయటికి వస్తుంటే కుడి కోన్ లోపలికి పోతుంది. ఒకటి నెట్టిన గాలిని రెండోది పీల్చేస్తుంది. పెద్ద అలలున్న బాస్‌కే ఈ దెబ్బ గట్టిగా తగులుతుంది. గాయకుడి గొంతు కూడా చోటు తప్పుతుంది. అన్నీ సరిగ్గా ఉంటే బాలు గొంతు డ్యాష్‌బోర్డు నడిమధ్య నుంచి వస్తున్నట్టుండాలి. తిరగబడితే ఎక్కణ్నుంచి పాడుతున్నాడో తెలియకుండా తల చుట్టూ పరుచుకుంటుంది. అనుమానం ఉంటే బ్యాలెన్స్‌ను పూర్తిగా ఒక పక్కకు జరపండి. రెండు స్పీకర్లు కలిసి వాయించినప్పటి కన్నా ఒక్కటే వాయించినప్పుడు బాస్ ఎక్కువ వస్తే ఎక్కడో ఒక జత తిరగబడి ఉన్నట్టే.

4 ఓమ్‌లు, ట్వీటర్ మెడలో కెపాసిటర్

4 ఓమ్‌ల స్పీకర్‌ను మల్టీమీటర్‌తో కొలిస్తే 4 రాదు. 3.2 నుంచి 3.8 మధ్యలో ఏదో వస్తుంది. మీటరు కొలిచేది కాయిల్ తీగ నిరోధాన్నే. పాట నడిచేటప్పుడు ఫ్రీక్వెన్సీని బట్టి మారే మొత్తం నిరోధం, అంటే ఇంపెడెన్స్, వేరు. కాబట్టి 3.4 చూసి స్పీకర్ పాడైందని కంగారు పడక్కర్లేదు. 1.8 వస్తే మాత్రం ఆగాలి, అది 2 ఓమ్‌లదై ఉంటుంది. మామూలు స్టీరియో చిప్పు 4 ఓమ్‌లకు తయారైంది. సగం నిరోధం పెడితే రెట్టింపు కరెంటు లాగి వేడెక్కుతుంది.

ఇక్కడొక సందేహం రావాలి. చాలా కార్లలో ముందు డోర్‌లో ఒక స్పీకర్, అద్దం పక్కన పిల్లర్‌లో ఒక ట్వీటర్ ఉంటాయి. స్టీరియో నుంచి వచ్చేది ఒకే జత. అంటే రెండూ ప్యారలల్‌లో (ఒకే రెండు వైర్లకు పక్కపక్కన) ఉన్నట్టే. 4, 4 కలిస్తే 2 కావాలి కదా? కాదు, ఎందుకంటే ట్వీటర్ వెనక, మిరియాల గింజ నుంచి బఠాణీ దాకా ఏదో సైజులో ఒక కెపాసిటర్ ఉంటుంది. అది తక్కువ ఫ్రీక్వెన్సీలను ఆపేస్తుంది. 4.7 మైక్రోఫారడ్‌ది 4 ఓమ్‌ల ట్వీటర్‌తో కలిస్తే దాదాపు 8,500 హెర్ట్జ్ దగ్గర కోత మొదలవుతుంది. ఆ కింద ట్వీటర్ ఉన్నా లేనట్టే. ఆ పైన డోర్ స్పీకర్ కాయిల్ తన ఇండక్టెన్స్ (ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ కరెంటును అడ్డుకునే గుణం) వల్ల తానే అడ్డం తిరుగుతుంది. ఇద్దరూ ఒకేసారి పూర్తి కరెంటు అడిగే చోటు పెద్దగా ఉండదు. పావలా సరుకు, అయినా పని అంతా దాంతోనే.

కాబట్టి పాత ట్వీటర్ పీకేసి, కెపాసిటర్ లేని కొత్త ట్వీటర్‌ను ఆ వైర్లకే తగిలిస్తే అది మొదటి బీటుకే పోతుంది. పాత ట్వీటర్‌తో పాటు దాని కెపాసిటర్ కూడా బయటికి వచ్చేసిందని గమనించకపోవడమే కారణం. ఇంకో తంటా కోయాక్సియల్‌తో. మధ్యలో బుల్లి ట్వీటర్ ఉన్న కోయాక్సియల్ స్పీకర్ డోర్‌లో పెట్టి, పైన పాత ట్వీటర్‌ను అలాగే వదిలేస్తే ఒకే పక్క రెండు ట్వీటర్లు మోగుతాయి. జేగంట చెవిలో కొట్టినట్టుంటుంది శబ్దం, పైగా పై ఫ్రీక్వెన్సీల్లో ఇంపెడెన్స్ నిజంగానే దిగిపోతుంది. నా మాట అడిగితే, ముందు డోర్లకు కాంపొనెంట్ సెట్ (స్పీకర్, ట్వీటర్ విడివిడిగా వచ్చేది) తీసుకుని, దాంతో వచ్చే క్రాసోవర్‌నే (ఏ ఫ్రీక్వెన్సీ దేనికి పోవాలో విడగొట్టే భాగాన్నే) వాడండి, కోయాక్సియల్‌ను వెనక డోర్లకు ఉంచండి. డబ్బు ఒక జతకే సరిపోతే అది ముందుకే పెట్టాలి, వెనక స్పీకర్లు వినేది ఎప్పుడో ఎక్కే చుట్టాలు.

బోస్, హార్మన్, సోనీ పేర్లతో వచ్చే సిస్టమ్‌లున్న కార్లకు పై లెక్కలన్నీ వర్తించవు. వాటిలో చాలావరకు సీటు కిందో డిక్కీలోనో విడిగా ఆంప్లిఫయర్ ఉంటుంది. స్పీకర్లు 2 ఓమ్‌లో, అంతకన్నా తక్కువో కావచ్చు. అక్కడ 4 ఓమ్‌లది పెడితే అందే పవర్ సగానికి పడుతుంది. అంతకన్నా ముఖ్యం, ఆ ఆంప్లిఫయర్ ఏ స్పీకర్‌కి ఏ ఫ్రీక్వెన్సీలు పంపాలో ముందే విడగొట్టేస్తుంది. డోర్‌కి బాస్ ఒక్కటే వస్తుంటే, అక్కడ పెట్టిన కోయాక్సియల్‌లో ట్వీటర్ అలంకారానికే. అలాంటి కారులో ఒక్క స్పీకర్ చినిగితే అదే పార్టు తెచ్చి వెయ్యడం మంచిది. మార్చాలనుకుంటే ఆంప్లిఫయర్‌తో సహా మార్చాలి.

డోర్ ప్యాడ్ తీశాక

శబ్దంలో పెద్ద తేడా తెచ్చే పని ఇక్కడ ఉంది, దీన్నే తొందరగా కానిచ్చేస్తారు. కోన్ ముందుకు నెట్టినప్పుడు వెనక గాలి పల్చబడుతుంది. ముందు అల, వెనక అల ఒకదానికొకటి వ్యతిరేకం. స్పీకర్ రిమ్ముకీ రేకుకీ మధ్య సందుంటే అవి కలుసుకుని చెల్లిపోతాయి, బాస్ అక్కడే చచ్చిపోతుంది. స్పీకర్ చుట్టూ ఫోమ్ టేపు అంటించి రేకుకి గట్టిగా బిగించడం, రిమ్ముకీ డోర్ ప్యాడ్ జాలీకీ మధ్య కూడా ఒక ఫోమ్ రింగు పెట్టడం, స్పీకర్ వెనక రేకు మీద బ్యూటైల్ డ్యాంపింగ్ షీటు (రేకు అదరకుండా ఆపే జిగురు రబ్బరు షీటు) ముక్క అంటించడం: వీటికయ్యే కొద్దిపాటి ఖర్చుతో కంపెనీ స్పీకర్ కూడా వేరే స్పీకర్‌లా పాడుతుంది. నేనైతే స్పీకర్ మార్చకముందే ఈ పని చేయించి ఒక వారం వినమంటాను.

ప్యాడ్ తియ్యగానే నల్లటి జిగురుతో అంటించిన ప్లాస్టిక్ షీటో ఫోమ్ షీటో కనిపిస్తుంది. అడ్డంగా ఉందని దాన్ని చింపేసేవాళ్లున్నారు. వానొస్తే అద్దం రబ్బరు పక్క నుంచి నీళ్లు డోర్ లోపలికి దిగడం మామూలే, అడుగున ఉన్న చిల్లుల్లోంచి బయటికి పోతాయి. ఆ నీళ్లు కారు లోపలికి రాకుండా ఆపేది ఆ షీటే. అది చినిగితే తొలకరికే కాళ్ల కింద కార్పెట్ తడిసి ముక్కవాసన మొదలవుతుంది. స్పీకర్ మాగ్నెట్, పత్తీలు తడి ఉండే వైపే ఉంటాయి. అందుకని వైరు స్పీకర్ కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి వచ్చేలా వదలాలి. నీటి చుక్కలు వంపులో రాలిపోతాయి, పత్తీ దాకా పోవు. మెలితిప్పి టేపు చుట్టిన జాయింట్లు ఇలాంటి చోట రెండు వానాకాలాలు ఆగవు, రాగికి చిలుము పడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఇంకా తొందరగా. స్పీకర్‌కీ రేకుకీ మధ్య పెట్టే స్పేసర్ రింగు కూడా ప్లాస్టిక్‌దే తీసుకోండి, ఎమ్‌డీఎఫ్ చెక్కది నీళ్లు తాగి ఉబ్బుతుంది. స్క్రూలు బిగించే ముందు అద్దాన్ని పూర్తిగా కిందికి దించి, మాగ్నెట్‌కి తగలట్లేదని చూసుకోవాలి.

వైర్లు మొత్తం మార్చమంటే మాత్రం తొందరపడకండి. కంపెనీ వైరు సన్నంగా, ఓ 0.5 చదరపు మిల్లీమీటర్ల మందం ఉంటుందనుకుందాం. మూడు మీటర్లు పోయి, మూడు మీటర్లు తిరిగి వచ్చే రాగి తీగకు నిరోధం 0.2 ఓమ్. 4 ఓమ్‌ల ముందు దాని వల్ల పోయేది అర డెసిబెల్ కూడా ఉండదు, చెవికి ఆనదు. స్టీరియో పవర్‌తోనే నడిపేటప్పుడు కొత్త వైరు దండగ. పైగా డోర్‌కీ పిల్లర్‌కీ మధ్య రబ్బరు గొట్టంలోంచి కొత్త తీగ లాగడం ఒక పూట పని. విడిగా ఆంప్లిఫయర్ పెట్టినప్పుడే లావు వైరు కావాలి. అప్పుడు కూడా కొనేది రాగిదేనా అని చూడండి. ఒక పోగును బ్లేడుతో గీకితే లోపల తెల్లగా మెరిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం కావచ్చు, ఒకటిన్నర రెట్లకు పైగా నిరోధం ఉంటుంది. తగరం పూసిన రాగి కూడా పైకి తెల్లగానే ఉంటుంది, కానీ గీకితే ఎర్రదనం బయటపడుతుంది. బ్యాటరీ నుంచి ఆంప్లిఫయర్‌కి లాగే పవర్ వైరుకి ఫ్యూజు బ్యాటరీ పక్కనే, అర మీటరు లోపు ఉండాలి. ఆంప్లిఫయర్ దగ్గర పెట్టిన ఫ్యూజు ఆ యంత్రాన్ని కాపాడుతుందేమో గానీ, దారిలో రేకు కోసి వైరు షార్టయితే మంటను ఆపలేదు.

షాపులో చివరిగా అడగాల్సింది కప్లర్. మీ మోడల్‌కి సరిపడే స్పీకర్ కప్లర్ దొరుకుతుంది. ఒక పక్క కంపెనీ సాకెట్‌లో, ఇంకో పక్క కొత్త స్పీకర్ పత్తీలకు దిగుతుంది. వైరు తెంపాల్సిన పని ఉండదు, వారంటీ పేరుతో సర్వీస్ సెంటర్‌లో వాదన ఉండదు. ‘ఐదు నిమిషాల పని సార్, కట్ చేసి కలిపేస్తా’ అంటే వద్దనండి, కప్లర్ తెప్పించేదాకా ఆగుతామని చెప్పండి. తీసిన పాత స్పీకర్లను కూడా అక్కడే వదిలెయ్యకుండా ఇంటికి తెచ్చుకోండి. కారు అమ్మే రోజున కప్లర్ పీకి వాటినే బిగించేస్తే, కొత్తవి మీ తర్వాతి కారుకి పనికొస్తాయి. మన దగ్గర చాలా కార్ల ముందు డోర్లలో 6.5 అంగుళాల సైజే కాబట్టి కొత్త స్పేసర్ ఒక్కటి కొంటే సరిపోయే అవకాశం ఎక్కువ.